కోనసీమ నుంచి తూర్పు కనుమల శిఖరాలకు: దారి ఎలా వెతుక్కోవాలి, ఎవరిని అడగాలి

అమలాపురం దగ్గర నుంచి నలుగురు స్నేహితులు అడిగిన ప్రశ్న ఇది. లంబసింగి, వంజంగి చూసేశారు. అక్కడి జనం, కార్లు, జనరేటర్ల మోత నచ్చలేదు. పెద్దగా పేరు లేని కొండలు ఎక్కాలని ఉంది. కానీ నెట్‌లో రూట్లు దొరకడం లేదు, పర్మిషన్ ఎవరిస్తారో తెలియడం లేదు. పైగా పల్లంలో పుట్టి పెరిగినవాళ్లం, మాకు ఎక్కే దమ్ము ఉంటుందా అని అనుమానం.

దమ్ము సంగతి తర్వాత చెబుతాను. ముందు రూట్ల సంగతి.

మీకు నెట్‌లో దొరకకపోవడానికి కారణం ఉంది. హిమాలయాల్లోలాగా మన కొండల మీద గుర్తులు పెట్టి, క్యాంపులు వేసి నడిపే ట్రెక్ దారులు చాలా తక్కువ. అలాగని దారులు లేవని కాదు. బోలెడున్నాయి. పశువులను తోలుకెళ్లే దారి, కాఫీ తోటకు వెళ్లే దారి, పోడు చేలకు వెళ్లే దారి, కొండచీపుళ్లు కోసుకురావడానికి వెళ్లే దారి, అవతలి ఊరి సంతకు కనుమ దాటి దిగే దారి. వీటిలో ఏదీ శిఖరం కోసం వేసింది కాదు. వాళ్ల పని ఎక్కడ అయిపోతే దారి అక్కడ ఆగిపోతుంది. కాబట్టి మన దగ్గర రూటు అంటే రెండు ప్రశ్నలకు జవాబు. ఆ కొండ కింద ఆఖరి ఊరు ఏది? ఆ ఊరివాళ్లు పైకి దేనికోసం, ఎంత ఎత్తు దాకా వెళ్తారు? ఈ రెండూ తెలిస్తే మూడొంతుల రూటు తెలిసినట్టే. మిగిలిన ఒక వంతు గడ్డి, బండలు, ముళ్లకంప. అక్కడ ఆ ఊరి మనిషి పక్కన ఉండాలి.

గోదావరి జిల్లాల వాళ్లకు అందుబాటులో మూడు పక్కల కొండలున్నాయి.

మొదటిది మనకు దగ్గరగా ఉన్న రంపచోడవరం, మారేడుమిల్లి పక్క. రాజమండ్రి నుంచి గోకవరం మీదుగా మారేడుమిల్లి సుమారు 85 కిలోమీటర్లు. పొద్దున్నే బయల్దేరితే టిఫిన్ వేళకు అక్కడుంటారు. ఇక్కడి కొండలు మరీ ఎత్తు కాదు, కానీ అడవి దట్టం. పైన పచ్చిక బయళ్లున్న గుడిస ఇప్పుడు అందరికీ తెలిసిపోయింది. జీపులో పైదాకా పోయి ఫొటో దిగి వచ్చేస్తున్నారు. మీరు జీపు కింది ఊళ్లో వదిలేసి, నడిచి ఎక్కి చూడండి. అదే గుడిస వేరే కొండలా ఉంటుంది. వాహనాలకు, రాత్రి ఉండటానికి నిబంధనలు మారుతుంటాయి కాబట్టి మారేడుమిల్లి అటవీ కార్యాలయంలో ముందు అడిగి వెళ్లండి.

రెండోది పాడేరు, అరకు పక్క. తూర్పు కనుమల్లో అన్నిటికన్నా ఎత్తయిన శిఖరాలు ఇక్కడివే. పుస్తకాల్లో అర్మకొండ 1680 మీటర్లు అని, జిందగడ 1690 మీటర్లు అని కనిపిస్తుంది. కొన్నిచోట్ల సీతమ్మకొండ అనీ రాస్తారు. ఏ పేరు ఏ శిఖరానిదన్న విషయంలో పుస్తకానికీ పుస్తకానికీ పొంతన కుదరదు. ఊళ్లో అడిగినప్పుడు పటంలోని పేరు చెబితే తెల్లమొహం వేయొచ్చు. వేలు పెట్టి చూపించి "ఆ కొండ" అనండి, సరిపోతుంది. గాలికొండ కూడా ఇక్కడిదే, 1600 మీటర్లు దాటిన కొండ. అరకు రోడ్డు మీద ఆగి చూసే వ్యూ పాయింట్ మాత్రం శిఖరం కాదు.

మూడోది ఒడిశా పక్క. కోరాపుట్ జిల్లాలో దేవమాలి 1672 మీటర్లు, ఆ రాష్ట్రంలో అదే ఎత్తయినది. గజపతి జిల్లాలో మహేంద్రగిరి 1501 మీటర్లు. దేవమాలికి విజయనగరంలో రైలు దిగి సాలూరు, సుంకి ఘాట్, పొట్టంగి మీదుగా సెమిలిగూడ చేరాలి. పై దాకా దాదాపుగా రోడ్డు పడింది కాబట్టి, నడవాలంటే కింది ఊరి నుంచి బయల్దేరాలి. మహేంద్రగిరికి పలాస స్టేషన్లో దిగడం సుఖం. దాని మీద భీముడు, కుంతి, ధర్మరాజు పేర్లతో పాతకాలపు రాతి గుళ్లున్నాయి. శివరాత్రికి జనం పోటెత్తుతారు. ఆ నాలుగు రోజులు వదిలేసి వెళ్తే కొండంతా మీదే.

నన్నడిగితే మొదటిసారి గుడిస కాలినడకన, రెండోసారి పాడేరు పక్క శిఖరం, ఆ తర్వాత మహేంద్రగిరి. దేవమాలి చివరికి ఉంచుకోండి. ఎత్తుకు భయపడి కాదు, రోడ్డు వల్ల కొండ ఎక్కిన తృప్తి అక్కడ తగ్గిపోయింది.

పాడేరు వెళ్లడానికి మనవాళ్లు చాలామంది విశాఖ పోయి వెనక్కి వస్తారు. అక్కర్లేదు. రాజమండ్రి నుంచి రంపచోడవరం, కొయ్యూరు, చింతపల్లి, లంబసింగి మీదుగా పాడేరు, అక్కడి నుంచి అరకు దాటి విజయనగరం వెళ్లే జాతీయ రహదారి ఉంది, నంబరు 516ఈ. కొండల మధ్య రోడ్డు కాబట్టి టైము పడుతుంది. రాత్రి ప్రయాణం పెట్టుకోకండి. కారు లేకపోతే రైల్లో తుని గానీ నర్సీపట్నం రోడ్ గానీ దిగి, నర్సీపట్నం నుంచి చింతపల్లి ఘాట్ బస్సు పట్టుకోవచ్చు. ఇంకో దారి అనకాపల్లి నుంచి చోడవరం, మాడుగుల మీదుగా. మాడుగులలో ఆగి హల్వా కట్టించుకోండి. నెయ్యి ఓడుతూ ఉంటుంది, చలిలో కొండ మీద తినడానికి అంతకన్నా బలమైన తిండి లేదు.

ఇక పటం. ఫోన్లో గూగుల్ మ్యాప్ చూసి కొండ ఎక్కలేరు. అందులో ఊరి రోడ్డు దాకా ఉంటుంది, ఆ తర్వాత అంతా ఆకుపచ్చ రంగే. సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల 1:50,000 టోపోషీట్లు, అంటే ఎత్తుపల్లాలు గీతల్లో చూపే పటాలు, ఆన్‌లైన్లో లాగిన్ అయి ఉచితంగా దించుకోవచ్చు. పాత నంబర్ల ప్రకారం మారేడుమిల్లి ప్రాంతం 65-జి లోనూ, పాడేరు 65-జె లోనూ వస్తాయి. ఈ పటంలో ఒక సెంటీమీటరు అంటే నేల మీద అరకిలోమీటరు. గోధుమరంగు గీతలు ఒక్కోటి 20 మీటర్ల ఎత్తు తేడా. సెంటీమీటరు దూరంలో పది గీతలుంటే అరకిలోమీటరులో 200 మీటర్లు ఎక్కుతారు. అది గట్టి ఎక్కుడే, కానీ నడిచి ఎక్కొచ్చు. అదే జాగాలో ఇరవై గీతలుంటే చేతులు కూడా వాడాల్సి వస్తుంది. అటు వెళ్లకండి.

గీతలను చూస్తూ కొండ వెన్ను ఎటు దిగుతుందో గుర్తుపట్టడం నేర్చుకోండి. ఇదొక్కటీ వస్తే సగం భయం పోతుంది. ఎక్కేటప్పుడు ఎప్పుడూ వెన్ను మీదే ఎక్కాలి. గెడ్డ, అంటే కొండవాగు, పట్టుకుని ఎక్కడం తేలికనిపిస్తుంది, ఎందుకంటే మొదట్లో వాలు తక్కువ, నీడ ఉంటుంది, నీళ్లుంటాయి. పైకి పోయేకొద్దీ అదే గెడ్డ ఇరుకైపోయి, నాచు పట్టిన బండలు, పడిపోయిన మానులు, చివరికి నిట్టనిలువు రాయి ఎదురొస్తుంది. దిగేటప్పుడు ఇంకా కష్టం. వెన్ను మీద గాలి తగులుతుంది, దూరం కనిపిస్తుంది, దారి తప్పినా ఎక్కడ తప్పామో తెలుస్తుంది. పటం చూశాక ఉపగ్రహ చిత్రం కూడా చూడండి. మన కొండల నెత్తి మీద చాలాచోట్ల చెట్లుండవు, గడ్డే. చిత్రంలో అది లేత రంగులో కనిపిస్తుంది. ముదురు ఆకుపచ్చ అడవి. చదరాలు చదరాలుగా గోధుమ రంగులో ఉండేవి పోడు చేలు. చేను ఉందంటే అక్కడిదాకా దారి ఉన్నట్టే. పోడు చేను పై అంచు నుంచి గడ్డి మొదలయ్యే చోటికి అడవి ఎక్కడ సన్నగా ఉందో చూడండి. మీ రూటు చాలావరకు అదే అవుతుంది. ఈ పటాలన్నీ ఇంటి దగ్గరే ఫోన్లోకి దించుకోండి, అక్కడ సిగ్నల్ ఉండదు. ఒక కాపీ కాగితం మీద కూడా తీసి ప్లాస్టిక్ కవరులో పెట్టండి.

పటం ఇంతవరకే పనికొస్తుంది. ఇక్కడి నుంచి ఊరు.

ఆ ఆఖరి ఊరికి ముందు రోజు మధ్యాహ్నానికే చేరాలి. పొద్దున్నే నాలుగింటికి కారులో దిగి, హెడ్‌లైట్లతో ఊరంతా లేపి, "గైడ్ ఉన్నాడా" అని అరిచే పద్ధతి ఉందే, దానివల్లే కొన్ని ఊళ్లలో బయటివాళ్లంటే విసుగు మొదలైంది. ముందు రోజు వెళ్లి, ఊరి పెద్ద ఎవరో అడిగి, ఆయన దగ్గర కూర్చోండి. మీరెవరు, ఏ ఊరు, ఎందుకొచ్చారు అనేది నెమ్మదిగా చెప్పండి. కోనసీమ అంటే వాళ్లకు తెలుసు. కొబ్బరికాయలు నాలుగు పట్టుకెళ్లండి, సంతోషిస్తారు. గుర్తుంచుకోండి, ఏజెన్సీలో కొత్త మనిషి అంటే అనుమానం రావడానికి కారణాలున్నాయి. గంజాయి కోసం వచ్చేవాళ్లు, భూమి కోసం వచ్చేవాళ్లు, రంగురాళ్లంటూ వచ్చేవాళ్లు, అందరూ ముందు "ఊరికే కొండ చూద్దామని" అనే మొదలుపెడతారు. మీరు కూడా అదే మాట అంటారు. కాబట్టి నమ్మకం కుదరడానికి ఒక సాయంత్రం పడుతుంది. ఆ సాయంత్రం ఇవ్వండి.

ఆయనను అడగాల్సినవి ఇవి. పైన దేవత ఉందా? ఉంటే ఎక్కడి నుంచి చెప్పులు విప్పాలి, ఏ రోజుల్లో వెళ్లకూడదు? నీళ్లు ఆఖరుగా ఎక్కడ దొరుకుతాయి, ఈ నెలలో అక్కడ ఉన్నాయా? ఎలుగుబంటి ఈ మధ్య ఎటు తిరుగుతోంది? వద్దన్నచోటికి వెళ్లకండి. కొండ మీద కొలిచే చోటు ఉందని, బయటివాళ్లు రావద్దని అంటే అక్కడితో ఆపేసి ఇంకో శిఖరం చూసుకోండి. ఆ కొండ వాళ్ల ఇల్లు, మనం చుట్టపుచూపుగా వచ్చినవాళ్లం.

దారి చూపించడానికి వచ్చే మనిషికి ఉపాధి హామీ కూలీకి రెట్టింపుకు తక్కువ కాకుండా ఇవ్వండి. బేరం ఆడకండి. అతను ఒక రోజు చేను పని మానుకుని వస్తున్నాడు. మీ నలుగురికి ఇద్దరు వస్తే మరీ మంచిది. ఒకరికి దెబ్బ తగిలితే ఒక మనిషి దగ్గరుండాలి, ఒక మనిషి ఊళ్లోకి పరిగెత్తాలి.

అలాంటి మనిషి ఎలా నడుస్తాడో దగ్గరగా గమనించండి. హుకుంపేట పక్క ఒక కొండకు మాతో వచ్చిన పెద్దాయన చేతిలో కత్తి తప్ప ఏమీ లేదు. దారి రెండుగా చీలిన ప్రతిచోటా ఆగి, ఆకులున్న ఒక కొమ్మ కొట్టి, మేం వెళ్లని దారికి అడ్డంగా పడేసేవాడు. కొమ్మ మొదలు మేం వెళ్లే వైపుకు, ఆకులు మేం వచ్చిన వైపుకు. ఎందుకని అడిగితే, "దిగేటప్పుడు మంచు పడితే నాకూ తెలవదు బాబూ, కొమ్మే చెప్తాది" అన్నాడు. పుట్టినప్పటి నుంచి ఆ కొండ మీద తిరిగిన మనిషి ఆయన. వెలుగున్నప్పుడే తిరుగు దారి గుర్తులు పెట్టుకుంటున్నాడు. మీ ఫోన్లో ట్రాక్ రికార్డు అవుతున్నా సరే, ఈ కొమ్మల పద్ధతి పాటించండి. చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది.

అనుమతుల విషయం సూటిగా చెబుతాను. రిజర్వు అడవిలోకి అటవీ శాఖకు చెప్పకుండా వెళ్లడం 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం తప్పు. నిప్పు పెడితే ఇంకా పెద్ద తప్పు. పాపికొండలు 2008లో నేషనల్ పార్కు అయ్యాయి. అక్కడ 1972 వన్యప్రాణి చట్టం వర్తిస్తుంది, అనుమతి లేకుండా లోపల కాలు పెట్టకూడదు. బోటు టికెట్టు ఉంటే కొండ ఎక్కే అనుమతి ఉన్నట్టు కాదు. మీ శిఖరం అటవీ శాఖ వాళ్ల ఏ రేంజి (పరిధి) కిందికి వస్తుందో కనుక్కుని, రేంజి ఆఫీసుకు పేర్లు, ఫోన్ నంబర్లు, ఆధార్ కాపీలు, ఎక్కే రోజు, దిగే రోజు, కింది ఊరి పేరు రాసి ఒక కాగితం ఇవ్వండి. దాని నకలు మీద సంతకం, తేదీ వేయించుకోండి. అలాంటి కాగితమే దగ్గరి పోలీస్ స్టేషన్లో ఇంకోటి. ముఖ్యంగా ఒడిశా సరిహద్దు పక్కకు వెళ్తుంటే ఇది వదలొద్దు. దారిలో చెక్‌పోస్టుల దగ్గర బ్యాగులు విప్పి చూస్తారు. టెన్షన్ పడక్కర్లేదు, కాగితం చూపించి విషయం చెప్పండి. మధ్యలో ఎవరైనా "నేను పర్మిషన్ ఇప్పిస్తా" అని డబ్బులడిగితే ఇవ్వకండి. డ్రోన్ తీసుకెళ్లాలనుకుంటే దానికి అనుమతి వేరే ఉంటుంది. నా సలహా, డ్రోన్ ఇంట్లో పెట్టి రండి.

కాలం గురించి మనకు చెప్పక్కర్లేదు, తుపానుల సంగతి మనకు తెలిసినంత ఎవరికీ తెలియదు. అక్టోబరు, నవంబరులో బంగాళాఖాతంలో వాయుగుండం అన్న వార్త రాగానే ట్రిప్పు ఆపేయండి. మన దగ్గర వరి పడిపోయే వాన అక్కడ ఘాట్ రోడ్డు మీద కొండచరియ జారే వాన. నవంబరు మూడో వారం నుంచి ఫిబ్రవరి మధ్య దాకా మంచి కాలం. నవంబరులో వలిసె చేలు పసుపు పచ్చగా పూసి ఉంటాయి. ఫిబ్రవరి దాటాక గడ్డి ఎండి, పోడు మంటలు మొదలవుతాయి. పొగకు దూరం కనిపించదు, ఎండు గడ్డిలో నిప్పు గాలి వాటున మనిషి కన్నా వేగంగా పోతుంది. ఏప్రిల్, మేలలో మధ్యాహ్నం మూడు దాటితే ఉరుములు. చెట్టు లేని గడ్డి నెత్తి మీద నిలబడినవాడే ఆ కొండకు ఎత్తయిన వస్తువు. తాటిచెట్టు మీద పిడుగు ఎందుకు పడుతుందో చూసి పెరిగినవాళ్లం, ఇది వేరే చెప్పాలా.

చలికాలంలో తెల్లవారుజామున లోయలో పాలసముద్రంలా మంచు నిండుతుంది. వంజంగికి జనం వచ్చేది దానికోసమే. రాత్రి నేల చల్లబడి, బరువెక్కిన చల్లగాలి వాలు వెంట దిగి లోయ అడుగున పేరుకోవడం వల్ల అలా అవుతుంది. అంటే మీరు బయల్దేరే కింది ఊళ్లో చలి, మంచు ఎక్కువ, పైన తక్కువ. అందుకే తెలియని కొండ చీకట్లో మొదలుపెట్టకండి. కింద చేతికి చెయ్యి కనిపించదు. సూర్యోదయం కావాలంటే అది రెండోసారి, దారి కాళ్లకు తెలిశాక. మొదటిసారి ఆరున్నరకు వెలుగు వచ్చాక బయల్దేరండి.

ఎంతసేపు పడుతుంది? నైస్మిత్ అనే స్కాట్లండ్ ఆయన 1892లో చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది. నడకకు గంటకు 5 కిలోమీటర్లు, దానిపైన ప్రతి 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట. కింది ఊరు 950 మీటర్ల మీద ఉండి, శిఖరం 1650 అనుకుంటే ఎత్తు 700. దూరం 6 కిలోమీటర్లయితే లెక్క ప్రకారం రెండు గంటల ఇరవై నిమిషాలు. అది మంచి దారి మీద, అలవాటున్న కాళ్లకు. గడ్డిలో, కంపలో, మన కాళ్లకు దాన్ని రెట్టింపు చేయండి. దాదాపు అయిదు గంటలు. దిగడానికి మూడున్నర. మధ్యలో అన్నం తిని కూర్చోవడానికి గంట. ఆరున్నరకు బయల్దేరితే ఊళ్లోకి వచ్చేది సాయంత్రం నాలుగు. డిసెంబరులో అయిదున్నరకే పొద్దు గూకుతుంది, లోయలో ఇంకా ముందే. కాబట్టి పన్నెండు గంటలకు ఎక్కడుంటే అక్కడి నుంచి వెనక్కి. శిఖరం వంద మీటర్ల దూరంలో కనిపిస్తున్నా వెనక్కే. ఈ మాట నలుగురూ ముందు రోజు రాత్రే ఒప్పుకోవాలి. పైకి వెళ్లాక ఎవరో ఒకరు "ఇంకొక్క పావుగంట" అంటారు, అప్పుడు వాదించడం కష్టం.

ఇప్పుడు దమ్ము సంగతి. మన ఊళ్లు సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులో ఉన్నాయి. ఎత్తు అంటే గోదారి గట్టు, లేదా బ్రిడ్జి. కానీ 1700 మీటర్ల లోపు కొండల్లో గాలి పలచబడే సమస్య పట్టించుకోవాల్సినంత ఉండదు. ఊపిరి కన్నా ముందు తొడలు, మోకాళ్లు అడ్డం తిరుగుతాయి, అదీ ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. దానికి సాధన ఇక్కడే చేయొచ్చు. వారంలో మూడు రోజులు గోదారి లంకల్లో ఇసుక మీద గంట నడవండి. ఇసుకలో కాలు దిగబడటం వల్ల పిక్కలు గట్టిపడతాయి. ఆదివారం కోరుకొండ వెళ్లండి. లక్ష్మీనరసింహస్వామి గుడికి ఆరొందలకు పైగా మెట్లు, నిలువుగా ఉంటాయి. వీపున అయిదారు లీటర్ల నీళ్లు మోసుకుని ఎక్కి, పైన నీళ్లు పారబోయకుండా ఆ బరువుతోనే దిగండి. మొదటి వారం ఒకసారి, నెల తిరిగేసరికి వరసగా మూడుసార్లు. దిగేటప్పుడు మడమ దబదబా కొట్టకుండా, ముందు పాదం నెమ్మదిగా ఆనించడం అలవాటు చేసుకోండి. మూడోసారి దిగాక కాళ్లు వణకడం ఆగిందంటే మీరు పాడేరు కొండలకు సిద్ధం. మెట్లు దగ్గర లేనివాళ్లకు నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్ చాలు.

సామాన్ల గురించి ఎక్కువ రాయను, డబ్బు ఖర్చు పెట్టాల్సింది ఒక్క బూట్ల మీదే. అడుగున గాడులున్న, మడమ కప్పే బూట్లు, కనీసం రెండు వారాలు వాడినవి. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, హెడ్‌లైట్, పొడుగు చేతుల చొక్కా, ఊళ్లో కోయించుకున్న వెదురు కర్ర. షార్ట్స్ వద్దు. దానికి కారణం దూలగొండి. చలికాలంలో ముదిరిన దాని కాయల మీద బంగారు రంగు నూగు ఉంటుంది. గాలికి రాలి ఒంటి మీద పడితే గోకినకొద్దీ పాకుతుంది. పడితే చేత్తో రుద్దకుండా, ప్లాస్టర్ టేపు అంటించి పీకేయండి, తర్వాత కడుక్కోండి. బట్టలు వేరే సంచిలో కట్టేయండి.

జంతువుల్లో జాగ్రత్తగా ఉండాల్సింది ఎలుగుబంటితో. పులి, చిరుత మనల్ని చూసి తప్పుకుంటాయి. ఎలుగుకు చూపు మందం, దగ్గరికి వెళ్లేదాకా గమనించదు, బెదిరిపోయి మీద పడుతుంది. తెల్లవారుజామున, సందెవేళ, గెడ్డల దగ్గర, బండల సందుల్లో ఎక్కువ. మార్చిలో ఇప్పపూలు రాలే చెట్ల కింద కూడా. మాట్లాడుకుంటూ, కర్రతో రాయి మీద కొడుతూ నడిస్తే అదే పక్కకు పోతుంది. పాముల్లో ఇక్కడ గిరినాగు కూడా ఉంది. కర్రతో గడ్డి కదిలించుకుంటూ వెళ్లడం, చూడకుండా బండ సందులో చెయ్యి పెట్టకపోవడం, ఈ రెండూ పాటిస్తే చాలు. కాటు పడితే కోయడం, కట్టుకట్టి బిగించడం, ఆకు పసరు, ఇవేవీ వద్దు. కదలనివ్వకుండా మోసుకుని రోడ్డుకు దించి, 108 కోసం చూస్తూ కూర్చోకుండా దొరికిన బండిలో పాడేరు గానీ రంపచోడవరం గానీ ప్రభుత్వ ఆసుపత్రికి.

నదుల గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మనం ఈతకు భయపడని వాళ్లం. మాచ్‌ఖండ్ నది మాడుగుల కొండల్లో పుట్టి, సీలేరై, శబరిలో కలిసి, కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. దాళ్వాకు, అంటే రెండో పంట వరికి, నీళ్లు చాలనప్పుడు సీలేరు నుంచి వదిలారని మనం పేపర్లో చదివేది ఆ నీళ్ల గురించే. అంటే ఆ నది మీద వరసగా జలాశయాలు, కరెంటు కేంద్రాలు ఉన్నాయి. ఎండ కాస్తున్నా, వాన లేకపోయినా, పైన నీళ్లు వదలగానే కింద మట్టం ఒక్కసారిగా పెరుగుతుంది. మోకాలి లోతు కనిపించిందని సీలేరులో దిగి దాటకండి. ఊరివాళ్లు దాటే చోట, దాటే వేళలోనే దాటండి.

చెత్త గురించి చెప్పక తప్పడం లేదు. వంజంగికి ఏమైందో మీరే చూశారు, అందుకే కదా వేరే కొండ వెతుకుతున్నారు. తీసుకెళ్లిన ప్రతి కవరూ, సీసా, తడి తుడుపు కాగితం దాకా మళ్లీ అమలాపురం రావాలి. కింది ఊళ్లో కూడా పారేయకండి, అక్కడ చెత్త బండి రాదు. ఇంకో విన్నపం, మీరు ఎక్కిన దారి ట్రాకును నెట్‌లో పెట్టే ముందు ఆ ఊరి పెద్దను అడగండి. పెట్టొచ్చంటే పెట్టండి. వాళ్లకు జనం రావడం ఇష్టం లేకపోతే అది మీ నలుగురి దగ్గరే ఉంచుకోండి.

ఆఖరుగా, ఇంటికొచ్చాక. ఏజెన్సీలో మలేరియా ఉంది, అందులో మెదడుకెక్కే రకం కూడా. రాత్రి ఊళ్లో పడుకుంటే దోమతెర కట్టుకోండి, సాయంత్రం నుంచే ఒళ్లు కప్పుకోండి. వెళ్లేముందు మాత్రలు అవసరమా అని డాక్టరు గారిని అడగండి. దిగొచ్చిన వారం నుంచి నెల రోజుల లోపు చలితో జ్వరం వస్తే, మామూలు జ్వరమని మెడికల్ షాపు మాత్రతో సరిపెట్టకండి. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి, "ఏజెన్సీకి వెళ్లొచ్చాను, రక్తపరీక్ష చేయండి" అని మీ నోటితో చెప్పండి. కోనసీమలో కూర్చున్న డాక్టరు గారికి మీరు ఎక్కడ పడుకుని వచ్చారో చెబితే తప్ప తెలియదు.